నొప్పులప్పుడు నీళ్లు తాగనిస్తారా?

37వ వారం నడుస్తోంది, మొదటి కాన్పు. హాస్పిటల్‌లో చేరాక నీళ్లు తాగనిస్తారా లేక సెలైన్ పెట్టేస్తారా? అన్ని గంటలు ఎలా ఉంటారో తలుచుకుంటేనే దడగా ఉంది.

— నన్ను కొంచెం కొంచెంగా తాగమన్నారు, నేనేమో ఒకేసారి గటగటా తాగేసి వాంతి చేసుకున్నా. స్ట్రా ఉన్న బాటిల్ పట్టుకెళ్లండి, పడుకునే తాగొచ్చు, ఆ టైంలో లేవడమే పెద్ద పని. లిప్ బామ్ కూడా, నోటితో ఊపిరి తీసి తీసి పెదాలు ఎండిపోతాయి.

— దాహం వేసినంతే తాగండి, ఉత్త నీళ్లు మరీ ఎక్కువైతే ఒంట్లో సోడియం పడిపోతుంది. రాకపోయినా 2-3 గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్లండి, బ్లాడర్ నిండిపోతే బిడ్డ తల దిగడానికి అడ్డం. నాకు ఎపిడ్యురల్ (నొప్పి తెలియకుండా నడుముకి ఇచ్చే మత్తు ఇంజెక్షన్) తర్వాత తిండి ఆపేశారు, ఐస్ ముక్కలే చప్పరించా. మీ దగ్గర రూల్ ఏంటో ముందే అడగండి.

— పక్కకి తిరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే హాయి. మా ఆయన నడుం నొక్కుతూనే ఉన్నాడు పాపం, ఆపితే తిట్టా 😄