నెల్లూరుకి సొంత ఆటో యాప్: ఊరంతా ఒకేసారి పెట్టాలా?

(మాట్లాడేవాళ్లని వాళ్ల పేట, ఊరి పేర్లతోనే రాశాం.)

మూలాపేట స్టాండు: పెద్ద యాప్‌లు ఉండగా జనం మన యాప్‌లోకి వస్తారా? ఊరంతా ఒకేసారి మొదలుపెట్టాలా?

వేదాయపాళెం: ఊరంతా వద్దన్నా. వేదాయపాళెంలో ఖాళీగా ఉన్న ఆటో పొగతోటలో నిలబడ్డ మనిషికి పనికిరాదు. ఆ సెంటర్లో, ఆ గంటకి ఎన్ని ఖాళీ బండ్లున్నాయన్నదే యాప్ బలం. 10 చదరపు కిలోమీటర్లలో 10 ఆటోలు చెదురుగా ఉంటే దగ్గరి బండి సగటున అర కిలోమీటరులో ఉంటుంది. 40 ఉంటే పావు, 160 ఉంటే పావులో సగం. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో చూస్తే మొదటి పెంపుతో 45 సెకన్లు కలిసొస్తాయి, రెండోదానితో 22 మాత్రమే. పెద్ద యాప్‌కి ఆ పైన ఎన్ని బండ్లున్నా ప్రయాణికుడికి తేడా తెలియదు. చిన్న యాప్ నిలబడే చోటు అదే.

ఒంగోలు, కర్నూలు రోడ్డు: అది ఖాళీ బండ్లు యాప్‌లో నిలిచి ఉంటేనే పనికొచ్చే లెక్క. బేరాలు తగ్గితే డ్రైవర్ యాప్ ఆపేస్తాడు, బండి దూరమవుతుంది, జనం క్యాన్సిల్ చేస్తారు, బేరాలు ఇంకా పడిపోతాయి. పైగా ఒకే ఫోన్లో మూడు యాప్‌లు నడుస్తుంటాయి, ముందు మోగినదానికే పోతారు. డ్రైవర్‌కి అదనంగా ఇచ్చే ఇన్సెంటివ్ ఆపిన మర్నాడే ఆ మనిషి ఉండడు. కమీషన్ కన్నా డ్రైవర్ దగ్గర రోజు రుసుము తీసుకోవడం మేలు. 2022లో బెంగళూరులో మొదలైన నమ్మ యాత్రి యాప్ తర్వాత డ్రైవర్లకి రోజుకి 25 రూపాయలు, లేదా బేరానికి మూడున్నర పెట్టింది. 800 రూపాయల బేరాలకి 20 శాతం కమీషనైతే 160 పోతుంది. కట్టిన డబ్బు రాబట్టుకోవాలి గనక ఆ రోజు యాప్ ఆపరు. రుసుము మాత్రం మొదటి బేరం దిగాకే కోయండి.

కావలి: మీకు అసలు పోటీ షేర్ ఆటో. ట్రంకు రోడ్డులో చెయ్యెత్తితే బండి ఆగుతుంటే పగలు యాప్ ఎవరు తెరుస్తారు? తెల్లవారుజామున రైలు దిగేవాళ్లు, రాత్రి 9 దాటాక ఆసుపత్రి నుంచి వెళ్లేవాళ్లు, మాగుంట లేఅవుట్ లోపలి వీధులు, వీటిని పట్టుకోండి. బడిపిల్లలు, డయాలసిస్ వాళ్లు డ్రైవర్ నంబరు రాసుకుని నేరుగా పిలుస్తారు. అడ్డుపడొద్దు. వాళ్ల నమ్మకం ఆ మనిషి మీదే. వాళ్లు బుక్ చేస్తే ముందు ఆ డ్రైవర్‌కే మోగి, 20 సెకన్లలో తీయకపోతే పక్కవాడికి పోయేలా పెట్టండి. దిగే చోటు, నగదా ఫోన్‌పేనా అన్నది డ్రైవర్‌కి ముందే కనబడాలి. చాలా క్యాన్సిళ్లు అక్కడే పుడతాయి.

మూలాపేట స్టాండు: మొదటి ట్రిప్పుకి కూపన్?

వేదాయపాళెం: ఆ డబ్బు బండ్ల మీద పెట్టండి. తెల్లారి 4 నుంచి 7 దాకా స్టేషన్ దగ్గర నిలబడే ఆటోకి, బేరం రాకపోయినా గంటకింతని ఖాయం చేయండి. బుక్ చేసి బండి దొరకనివాళ్లని రోజూ లెక్కరాయండి. అది పదిమందిలో ఒకరికి మించుతున్నంత కాలం ఇంకో పేటకి పోవద్దు.