దేవుణ్ణి నమ్మనివారు కారుణ్య మరణాన్ని కాదనగలరా?

ప్రశ్న:
ప్రాణం దేవుడిచ్చింది కాబట్టి దాన్ని ముగించే అధికారం మనిషికి లేదన్న వాదన, దేవుణ్ణి నమ్మని నాకు అక్కరకు రాదు. అయినా కారుణ్య మరణం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనసు వెనకాడుతూనే ఉంది. నయంకాని జబ్బుతో ఉన్న మనిషి, పూర్తి తెలివిలో ఉండి, ఇక చాలని పదేపదే అడిగితే, కాదనడానికి మతంతో పనిలేని కారణం ఏదైనా ఉందా?

మొదటి జవాబు:
ఉంది. జర్మన్ తత్వవేత్త కాంట్ దైవాజ్ఞను ఆశ్రయించకుండానే ఆత్మహత్యను తప్పుపట్టాడు. బాధ తప్పించుకోవడానికి ప్రాణం తీసుకునేవాడు తనను తాను కేవలం సాధనంగా వాడుకుంటున్నాడని, అది మనిషి గౌరవానికి తగదని ఆయన వాదన. స్కాట్లండ్ తత్వవేత్త హ్యూమ్‌ది అవతలి ఒడ్డు. ఆయన మరణించాక 1777లో వెలువడిన వ్యాసంలో, ఆయుష్షు నిర్ణయించడం దేవుడికే చెల్లేదైతే, తల మీద పడబోయే రాయిని పక్కకు నెట్టి బతకడం కూడా తప్పే కావాలి కదా అన్నాడు. నాకు హ్యూమ్ మాటే సబబుగా తోస్తుంది. కానీ అది దైవాధికారాన్ని కొట్టివేస్తుందే తప్ప, ప్రాణానికి విలువ ఎక్కడి నుంచి వస్తుందో చెప్పదు.

రెండో జవాబు:
ఆ విలువ బతుకుతున్న మనిషి ఇష్టాన్ని బట్టే వస్తుందని చాలామంది హేతువాదులు అంటారు. చట్టాలు మాత్రం అంత దూరం వెళ్లలేదు. అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు వైద్యులు ధ్రువీకరించినవారికే ప్రాణం తీసే మందు రాసిస్తారు. 2002లో అమలులోకి వచ్చిన నెదర్లాండ్స్ చట్టం అలాంటి గడువు పెట్టలేదు గాని, బాధ భరించరానిదై, తగ్గే ఆశ లేనిదై ఉండాలంటుంది. అంటే ఆ బతుకు ఏ స్థితిలో ఉందో మరొకరు తూచి చూడవలసిందే. ఆరోగ్యవంతుడు అడిగితే ఆపి, జబ్బుమనిషి అడిగితే ఒప్పుకునే సమాజం తమ జీవితాలకు తక్కువ విలువ కడుతోందని వైకల్యం ఉన్నవారిలో పలువురు అంటున్నారు, అందులో మతం ఎక్కడా లేదు. మీ మనసు వెనకాడుతున్నది బహుశా అక్కడేనేమో.

మూడో జవాబు:
నేనూ దేవుణ్ణి నమ్మను. మా అమ్మ చివరి రోజుల్లో "నన్ను పంపించెయ్యి నాయనా" అని రోజూ అడిగేది. నొప్పి వచ్చాక ఇవ్వడం మాని, నాలుగు గంటలకొకసారి మార్ఫిన్ ఇవ్వడం మొదలుపెట్టాక అడగడం ఆగిపోయింది. తడి దూదితో పెదవులు తుడుస్తుంటే కిటికీ తెరవమంది. కొన్ని వారాల తర్వాత, నొప్పి లేని ఒక ఉదయం, తొందరపడకుండా అదే మాట మళ్లీ అంది. ఉపశమన చికిత్స అందనిచోట కారుణ్య మరణాన్ని అనుమతించాలంటే నాకున్న భయమంతా ఆమె మొదట్లో అడిగిన తీరు గుర్తుండబట్టే. ఆ ఉదయం అడిగినదాన్ని కాదనడానికి మాత్రం నాకు ఈనాటికీ కారణం దొరకలేదు.