ముందు శిక్షణా, ముందు ఉద్యోగమా?

గట్టుదారి:
పనికి అడ్డంకులున్నవాళ్ల కోసం ఉపాధి కార్యక్రమం ఎవరు మొదలుపెట్టినా మొదటి రోజే ఎదురయ్యే ప్రశ్న ఇది. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు, జైలు నుంచి బయటికొచ్చినవాళ్లు, చదువు మధ్యలో ఆగి ఏళ్ల తరబడి పనికి దూరమైనవాళ్లు. వీళ్లకి ముందు నాలుగైదు నెలలు శిక్షణ ఇచ్చి, చేతికి సర్టిఫికెట్ వచ్చాక ఉద్యోగం వెతకాలా? లేక నెల తిరక్కుండా అసలైన ఉద్యోగంలో చేర్చి, పక్కన జాబ్ కోచ్‌ని పెట్టి, పని అక్కడే నేర్పాలా?

నేను మొదటి దారి వైపే మొగ్గుతాను. సిద్ధం కాకుండా పంపితే వారంలో తిరిగొచ్చేస్తారు. ఆ దెబ్బకి వాళ్లకి ధైర్యం పోతుంది, ఆ యజమాని ఇంకొకర్ని తీసుకోవడానికి జంకుతాడు. ఒక్క దారికే సరిపడా డబ్బుంటే దేనికి పెట్టాలో కారణాలతో చెప్పండి.

పనిబల్ల:
గట్టుదారి గారూ, "సిద్ధం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. శిక్షణ గదిలో చప్పుడుండదు, నేర్పే మనిషి ఓపిగ్గా ఉంటాడు, డబ్బా సైజు మారదు. గోడౌన్‌లో సైజు గంటకోసారి మారుతుంది, వెనక ట్రాలీలు తిరుగుతుంటాయి, సూపర్‌వైజర్ సగం మాట చెప్పి వెళ్లిపోతాడు. మేధో వైకల్యం ఉన్నవాళ్లలో చాలామందికి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి దానంతటది రాదు. గదిలో నెలల తరబడి నేర్పింది అసలు చోట మళ్లీ మొదటినుంచీ నేర్పాల్సి వస్తుంది.

అసలు నేర్చుకోగలరా అన్న అనుమానం 1970ల మొదట్లోనే తీరింది. అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు మేధో వైకల్యం ఉన్నవాళ్లకి 15 భాగాల సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. కొంతమందికి భాగాలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాడు. మిగతావాళ్లకి ఇచ్చిన ప్రతి భాగంలోనూ, సరిగ్గా పెట్టినప్పుడు తమవైపు కనిపించే ముఖానికి ఎర్ర రంగు వేయించాడు. రంగు ఉన్నవాళ్లు చాలా త్వరగా నేర్చుకున్నారు. మనుషులు ఒకే రకంవాళ్లే, నేర్పే తీరు మారిందంతే.

పనిచోట ఇది ఎలా సాగుతుందో చెప్తాను. సీసాలు డజను చొప్పున డబ్బాలో సర్దే పని అనుకోండి. కోచ్ ముందు తానొక్కడే ఒకటి రెండు షిఫ్టులు ఆ పని చేసి, మెట్లు మెట్లుగా రాసుకోవాలి. మడత డబ్బా తీయడం, విప్పడం, అడుగు రెక్కలు మూయడం, తిప్పి టేపు వేయడం, సీసా మూత బిగుతు చూడడం, లేబుల్ చూడడం, 12 లెక్కపెట్టి పెట్టడం, పై రెక్కలు మూసి టేపు వేయడం, పక్క ప్యాలెట్ మీదికి చేర్చడం. 9 మెట్లు. లెక్క రాని మనిషి వీటిలో ఒక్కచోటే ఆగిపోతాడు. దానికోసం మూడు నెలలు అంకెలు దిద్దించక్కర్లేదు. 12 గుంటలున్న చెక్క ట్రే చేయించి బల్ల మీద పెట్టండి. గుంటలు నిండితే డజను. ట్రే వల్ల ఒక్కో డబ్బాకి కొన్ని సెకన్లు అదనంగా పడతాయి. ఆ సంగతి సూపర్‌వైజర్‌కి మొదటి రోజే చెప్పకపోతే రెండో వారంలో "వేగం లేదు" అన్న ఫిర్యాదు వస్తుంది.

ఇక నేర్పడం. మెట్టు దగ్గర ఆగితే అయిదు సెకన్లు ఏమీ అనకుండా ఉండాలి. అప్పటికీ కదలకపోతే చిన్న మాట, తర్వాత వేలితో చూపడం, ఆ తర్వాతే చేసి చూపించడం. చాలామంది కోచ్‌లు చెడగొట్టేది ఆ అయిదు సెకన్లనే. నోరు ఆపుకోలేక చెప్పేస్తారు, ఆ మనిషి కోచ్ మాట కోసమే ఎదురుచూడడం నేర్చుకుంటాడు. ప్రతి మెట్టుకీ కాగితం మీద టిక్ గానీ ఇంటూ గానీ పెట్టండి. వరసగా మూడు రోజులు టిక్ పడిన మెట్టు దగ్గర కోచ్ ఒక అడుగు వెనక్కి జరగాలి, నిజంగానే ఒక అడుగు.

నిచ్చెన:
పనిబల్ల గారూ, ట్రే సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ పదేళ్ల తర్వాత కూడా ఆ మనిషి అదే ట్రే ముందు నిలబడి ఉంటే దాన్ని విజయం అనాలా? "త్వరగా ఉద్యోగం" అనే కార్యక్రమాలు త్వరగా దొరికే ఉద్యోగాలనే చూపిస్తాయి. ఊడ్చడం, సర్దడం, మోయడం. వెల్డింగ్, వైరింగ్, రోగుల సంరక్షణ లాంటివి శిక్షణ లేకుండా ఎవరూ ముట్టుకోనివ్వరు, కొన్నింటికి లైసెన్సు తప్పనిసరి. అమెరికాలో శాన్ ఆంటోనియో నగరంలో 1992లో మొదలైన ప్రాజెక్ట్ క్వెస్ట్ చూడండి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లని ఆరోగ్యరంగం లాంటి గిరాకీ ఉన్న వృత్తుల కోర్సుల్లో చేర్చింది. ఫీజులు, పిల్లల సంరక్షణ, ప్రయాణం చూసుకుంది. వారం వారం గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించింది. లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చినప్పుడు, చేరినవాళ్ల ఆదాయం చేరనివాళ్లకంటే పెరిగింది, ఆ తేడా ఏళ్ల తరబడి నిలిచింది. చదువుతున్న రోజుల్లో సంపాదన తగ్గింది, ఆ తర్వాత దాటిపోయింది. ఏడాదికే లెక్క తీసేవాళ్లకి ఇది నష్టంలాగే కనిపిస్తుంది.

లెక్కలమనిషి:
ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతున్నారు. విడదీసి చూద్దాం.

తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల విషయంలో సాక్ష్యం గట్టిగా "ముందు ఉద్యోగం" వైపే ఉంది. 1990ల మొదట్లో న్యూ హాంప్‌షైర్‌లో డెబోరా బెకర్, రాబర్ట్ డ్రేక్ రూపొందించిన ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్, అంటే ఒక్కొక్కరికీ తగ్గ ఉద్యోగం చూపి తోడుండడం) పద్ధతి ఇదే. పని చేయాలని ఉంది అన్నవాళ్లని "నువ్వింకా సిద్ధం కాలేదు" అని ఆపరు. 30 రోజుల్లోపు యజమానితో మొదటి భేటీ జరగాలి. ఉద్యోగం చూసే మనిషి చికిత్స బృందంలోనే కూర్చోవాలి. ఒక్కొక్కరి చేతిలో 20 మందికి మించకూడదు. తోడ్పాటుకి గడువు ఉండదు. 2007లో ఆరు యూరప్ నగరాల్లో 312 మందిని రెండు గుంపులు చేసి పోల్చిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఐపీఎస్ వైపు 55 శాతం, శిక్షణ ముందు ఇచ్చే సేవల వైపు 28 శాతం పనిలోకి వెళ్లారు. గట్టుదారి గారి భయానికి కూడా అందులో జవాబుంది. మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు ఐపీఎస్ వైపు 20 శాతం, అటువైపు 31 శాతం. పని వల్ల కుప్పకూలిపోతారన్న భయం నిజం కాలేదు.

ఒక మాట దాచకూడదు. ఆ పరీక్షలో ఒక్క రోజు పనిచేసినా "పనిలోకి వెళ్లినట్టే" లెక్కేశారు. అందుకే నిచ్చెన గారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు.

పనిబల్ల:
నిచ్చెన గారూ, మీరు చెప్పిన రకం కోర్సుల తలుపు దగ్గర ఎవరు ఆగిపోతున్నారో కూడా చూడండి. చదవడం, లెక్కలకి ప్రవేశ పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. అడ్డంకులు ఎక్కువున్నవాళ్లు అక్కడే వెనక్కి పోతారు. లోపలికి వచ్చినవాళ్ల ఫలితాన్ని బయట ఉండిపోయినవాళ్లకి అంటగట్టలేం.

నిచ్చెన:
అయితే ప్రవేశ పరీక్షకి ముందు ఇంకో మెట్టు కట్టాలి. చదవడం రానివాళ్ల కోసం ఆ వృత్తి పుస్తకంలోని మాటలతోనే చదువు నేర్పే కోర్సు పెట్టొచ్చు. తలుపు ఎత్తుగా ఉందని ఇల్లే వద్దంటామా?

తెరిచినతలుపు:
జైలు నుంచి వచ్చినవాళ్లకి మీరు చెప్పిన రెండు దారులూ అతకవు. బయటికొచ్చిన మొదటి వారం చేతిలో డబ్బుండదు, గుర్తింపు కాగితాలు సగం ఉండవు. నాలుగు నెలల కోర్సులో కూర్చునే వీలు వాళ్లకి లేదు. మామూలు ఉద్యోగానికి పంపితే నేపథ్య తనిఖీ దగ్గరే ఆగిపోతారు.

మూడో దారి ఒకటుంది, తాత్కాలిక జీతపు పని. న్యూయార్క్‌లోని సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్ పద్ధతి ఇలా ఉంటుంది. 5 నుంచి 7 మంది గుంపుగా వారానికి నాలుగు రోజులు పని, ఏ రోజు జీతం ఆ రోజే. అయిదో రోజు కోచ్ దగ్గర కూర్చుని పర్మనెంట్ ఉద్యోగం వెతుక్కోవడం. ఇది ఎంత పనిచేస్తుందో తేల్చడానికి 2004లో మొదలైన పరీక్షలో 977 మందిని చూశారు. ఉద్యోగాల పెరుగుదల మొదటి ఏడాది తర్వాత కరిగిపోయింది. విడుదలైన మూడు నెలల్లోపు చేరినవాళ్లు మాత్రం మళ్లీ జైలుకెళ్లడం తగ్గింది. అంతకుముందు 1975లో అమెరికాలో మొదలైన సపోర్టెడ్ వర్క్ ప్రయోగంలోనూ ఎవరికి పనిచేస్తుందన్నదాంట్లో ఇలాగే తేడా కనిపించింది. పని కఠినత్వాన్ని మెల్లమెల్లగా పెంచుతూ నడిపితే ఏళ్లుగా ప్రభుత్వ సాయం మీద బతుకుతున్న తల్లులకి బాగా ఉపయోగపడింది, జైలు నుంచి వచ్చినవాళ్లకీ బడి మానేసిన యువకులకీ పెద్దగా పనిచేయలేదు.

శిక్షణ నడిపేవాళ్లకి ఒక మనవి. కోర్సులో చేర్చుకోకముందే ఆ వృత్తి లైసెన్సు నిబంధనలు తెరిచి చదవండి. ఏ నేరానికి ఎన్నేళ్లు లైసెన్సు ఇవ్వరో అందులో రాసి ఉంటుంది. సర్టిఫికెట్ చేతికొచ్చాక "నీకు లైసెన్సు రాదు" అని తెలిస్తే ఆ మనిషికి చేసిన అన్యాయం మాటల్లో చెప్పలేనిది. ఇంకోటి, పెరోల్ అధికారి దగ్గర హాజరు వేయించుకునే వేళలు, షిఫ్టు వేళలు చేరిన రోజే ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. పని వచ్చినా ఈ రెండూ ఢీకొనడం వల్ల ఉద్యోగాలు పోతాయి.

లెక్కలమనిషి:
యజమానికి రాయితీ ఇచ్చి ఒప్పించొచ్చని ఎవరైనా అనేలోపే ఒక హెచ్చరిక. 1980-81లో ఒహాయోలోని డేటన్‌లో కొందరు నిరుద్యోగులకి, తమని తీసుకుంటే యజమానికి డబ్బు తిరిగొస్తుందని చెప్పే వోచర్లు ఇచ్చి పంపారు. వోచర్ లేనివాళ్లకంటే ఉన్నవాళ్లకే ఉద్యోగాలు తక్కువ దొరికాయి. ఆ కాగితం "ఈ మనిషిలో ఏదో లోపముంది" అన్న ముద్రలా పనిచేసిందని విశ్లేషణ. రాయితీ ఇవ్వాల్సి వస్తే కోచ్ నేరుగా యజమానితో మాట్లాడాలి, అభ్యర్థి చేతికిచ్చి పంపకూడదు.

డబ్బు ఎప్పుడిస్తారన్నది కూడా ఫలితాన్ని వంచేస్తుంది. బ్రిటన్‌లో 2011లో మొదలైన వర్క్ ప్రోగ్రామ్‌లో నిర్వహణ సంస్థలకి అసలు డబ్బు ఉద్యోగం 13 లేదా 26 వారాలు నిలిచాకే వచ్చేది. కష్టమైన వర్గాలకి రేటు ఎక్కువే పెట్టారు. అయినా తేలిగ్గా ఉద్యోగం వచ్చేవాళ్ల మీద శ్రద్ధ పెట్టడం, కష్టమైనవాళ్లని పేరుకి మాత్రం ఉంచుకోవడం ఆగలేదు. ఏ దారి పట్టినా చెల్లింపులో కొంత మొదటే రావాలి, లేకపోతే కోచ్ జీతం ఇవ్వడానికే ఉండదు.

మొదటిజీతం:
ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. స్టైపెండ్ ఆగిన రోజుకీ మొదటి జీతం వచ్చే రోజుకీ మధ్య నెల, నెలన్నర ఎడం ఉంటుంది. నెలజీతం పనైతే చేరిన తేదీని బట్టి ఇంకా పెరుగుతుంది. బస్సు ఖర్చు, బూట్లు, మధ్యాహ్నం భోజనం అన్నీ ఆ ఎడంలోనే వస్తాయి. మూడో వారంలో రావడం మానేసినవాళ్లని "ఆసక్తి లేదు" అని రాసేస్తారు. స్టైపెండ్‌ని మొదటి జీతం పడేదాకా పొడిగించండి, అది చాలు.

పింఛనో వైద్య సాయమో అందుకుంటున్నవాళ్లకి ఇంకో లెక్క వేసి చూపించాలి. ఇప్పుడు వచ్చేది, ఉద్యోగంలో చేరాక తగ్గేది, చేతికి మిగిలేది, ఉద్యోగం పోతే సాయం తిరిగి రావడానికి పట్టే సమయం. ఈ నాలుగో అంకె చెప్పకుండా "ధైర్యంగా చేరిపో" అనడం తప్పు. కుటుంబం అడ్డుపడేది చాలాసార్లు ఈ భయంతోనే.

గట్టుదారి:
మానసిక అనారోగ్యం, మేధో వైకల్యం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదువు మధ్యలో ఆపిన యువత విషయంలో నిచ్చెన గారి వాదనే ఇప్పటికీ సరైనదనిపిస్తోంది. ఒక్క సందేహం మిగిలింది. కోచ్ ఎంతకాలం ఉండాలి? గడువు లేదంటే ఏ దాత అయినా వెనక్కి తగ్గుతాడు.

నిచ్చెన:
కోచ్‌కి పెట్టే డబ్బుతోనే ఆ మనిషికి సాయంత్రం కోర్సు కూడా పెట్టొచ్చా అన్నది కూడా చూడాలి. ఉద్యోగంలో ఆరు నెలలు నిలబడ్డాక, యజమానితో మాట్లాడి వారానికి రెండు పూటలు వదిలిపెట్టమనండి. అప్పుడు ట్రే ముందు నుంచి మెషీన్ దగ్గరికి వెళ్లే దారి ఉంటుంది. ఆ మాట మొదటి ఒప్పందంలోనే రాయించాలి, తర్వాత అడిగితే ఇవ్వరు.

పనిబల్ల:
అది మంచి షరతు, నేనూ రాయిస్తాను.

గట్టుదారి గారూ, గడువు లేదంటే రోజూ పక్కన నిలబడతామని కాదు. మొదటి రెండు వారాలు షిఫ్టు మొత్తం. తర్వాత టిక్కులు చూసుకుంటూ సగం షిఫ్టు, ఆపైన వారానికి రెండుసార్లు, మూడు నెలలు దాటాక నెలకో ఫోను, ఒక రాక. మెట్ల కాగితం చూసి తగ్గించాలి, క్యాలెండర్ చూసి కాదు. ఈలోపు పక్క బల్ల దగ్గర పనిచేసే ఒకరిని ఎంచుకుని, ఆ అయిదు సెకన్ల సంగతి వాళ్లకి నేర్పాలి. కోచ్ వెళ్లిపోయాక నిలబెట్టేది వాళ్లే.

కోచ్ మళ్లీ షిఫ్టు మొత్తం పక్కన ఉండాల్సిన సందర్భాలు మూడు ముందే రాసిపెట్టుకోండి: సూపర్‌వైజర్ మారడం, షిఫ్టు మారడం, డాక్టరు ఇచ్చిన మందు మారడం. ఉద్యోగం ఎక్కువగా ఊడేది వీటి దగ్గరే, అదీ ఏడాది బాగా గడిచాక, ఫైలు మూసేశాక. కొత్త సూపర్‌వైజర్‌కి ఆ ట్రే ఎందుకుందో తెలియదు, బల్ల మీద చోటు చాలదని తీసి పక్కన పెట్టేస్తాడు. అందుకే ట్రే అడుగున ఒక చీటీ అంటించి, "ఇది తీయకండి, తీసేముందు ఫోన్ చేయండి" అని నంబరు రాసి ఉంచాలి.