హారర్ రచయిత పాఠకుడికి బాకీ పడతాడా?

మొదటి పోస్ట్:
అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'మిజరీ' (1987) మళ్ళీ చదివాను. ప్రమాదంలో కాళ్ళు విరిగిన రచయిత పాల్‌ని మాజీ నర్సు ఆనీ తన ఇంట్లో బంధిస్తుంది. తనకు ప్రాణమైన పాత్రను అతను చంపేశాడని ఆమె కోపం. ఆ పాత్రను బతికిస్తూ ఇంకో నవల రాయమంటుంది. ఆమె రాక్షసే, కాదనను. కానీ ఒక సన్నివేశం నన్ను వదలడం లేదు. పాల్ ఏదో ఒకలా పాత్రను బతికించి రాసిస్తే ఆనీ ఒప్పుకోదు. ముందు పుస్తకంలో జరిగినదానికి ఇది పొసగదు, మోసం అంటుంది. ఆ మాట నిజమేనని పాల్‌కీ తెలుసు. మళ్ళీ మొదలుపెడతాడు, ఈసారి బాగా రాస్తాడు. ఇంత పట్టి చదివేవాళ్ళకు రచయితను నిలదీసే హక్కు కొంచెమైనా ఉండదా?

జవాబు:
హక్కు అనకండి. 1991లో అమెరికాలోని బాంగోర్ ఊళ్ళో కింగ్ ఇంట్లోకి ఒకతను చొరబడ్డాడు. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది ఆయన భార్య టబితా ఒక్కరే. తన దగ్గర బాంబు ఉందని బెదిరించాడు. అది ఉత్తుత్తి బాంబని తర్వాత తేలింది. ఆవిడ చేసిన తప్పేంటి? నిలదీయడం అక్కడిదాకా పోదని ఎవరు హామీ ఇస్తారు?

మొదటి పోస్ట్ రాసినవారు:
అతన్ని నేను సమర్థించను. నేను చెప్పేది ఉత్తరాలు రాసేవాళ్ళ గురించి. కింగ్ రాసిన 'డార్క్ టవర్' నవలల వరుసలో మూడో భాగం 1991లో ఉత్కంఠ మధ్యలో ఆగింది, నాలుగోది 1997లో గానీ రాలేదు. క్యాన్సర్‌తో ఎక్కువ కాలం బతకనని తెలిసిన ఒక పెద్దావిడ, ముగింపు ఏంటో చెప్పమని, ఎవరికీ చెప్పనని ఆయనకు రాసింది. ఆవిడ అడగడం తప్పా?

జవాబు:
తప్పు కాదు. కానీ ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు, ముగింపు అప్పటికి ఆయనకే తెలియదు. గొడవంతా ఇక్కడే ఉందండి. కథ ఎక్కడో పూర్తిగా ఉందని, రచయిత దాచిపెడుతున్నాడని పిచ్చిగా అభిమానించే పాఠకుడు నమ్ముతాడు. హారర్‌లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే తలుపు వెనక ఏముందో చెప్పకుండా ఆపడమే అక్కడ రచయిత పని. ఆ టెన్షన్ కోసమే కొని చదువుతాం, మళ్ళీ చెప్పలేదని ఆయన మీదే కోపం తెచ్చుకుంటాం.

మొదటి పోస్ట్ రాసినవారు:
దాచిపెట్టడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. హక్కు అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఆనీ పట్టుకున్న తప్పు తప్పే. పాత్రను బతికించాలని రచయిత అనుకున్నాక, అడ్డదారి తొక్కితే చెప్పాల్సింది పాఠకుడే. ఉత్తరంలో చెప్పాలి. జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం రాయకూడదు.