ఆస్పెర్న్ యుద్ధం, 1809: ఆస్ట్రియా జనరళ్ల కోటు తెలుపా, బూడిదా?

ఉక్కునగరం

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా చిన్న బొమ్మలకు రంగులు వేసి ఒక యుద్ధ దృశ్యం తయారు చేస్తున్నాను. 1809 మే 21, 22 తేదీల్లో వియన్నా పక్కన డాన్యూబ్ ఒడ్డున జరిగిన ఆస్పెర్న్ యుద్ధం. ఆస్ట్రియా సేనాధిపతి ఆర్చ్‌డ్యూక్ చార్లెస్, ఆయన పరివారం గుర్రాల మీద ఆగి పొగ చాటున ఊరి వైపు చూస్తున్నారు. 28 మిల్లీమీటర్ల బొమ్మలు ఆరు: చార్లెస్, మరో ఇద్దరు జనరళ్లు, ఇద్దరు స్టాఫ్ అధికారులు, ఒక అడ్జుటెంట్ (జనరల్ వెంట ఉండే సహాయక అధికారి).

నెపోలియన్ స్వయంగా నడిపిన సైన్యం వెనక్కి తగ్గిన రోజు అది. చార్లెస్‌కు అప్పటికి 37 ఏళ్లు. ఈ బొమ్మలను నిర్లక్ష్యంగా వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

నా సందేహాలు ఇవి. ఆస్ట్రియా సైన్యం అనగానే అందరూ తెల్లకోటు అంటారు. కానీ ఒక పాత చిత్రంలో జనరల్ కోటు బూడిద రంగులో కనిపించింది. ఏది నిజం? భుజాల మీద ఎపాలెట్లు (కుచ్చుల భుజపట్టీలు) వేయాలా? నా బొమ్మల భుజాలు నున్నగా ఉన్నాయి, అచ్చు పోసినవారి పొరపాటేమోనని పుట్టీతో చేసి అతికిద్దామనుకుంటున్నాను. టోపీ మీద ఆకుపచ్చ ఈకలు ఉండాలా?

ఇంకో బాధ. పోయిన ఆదివారం మేడ మీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే పునాది పూత) స్ప్రే చేస్తే రెండు బొమ్మల మీద ఇసుక చల్లినట్టు గరుకు పొర పట్టింది. డబ్బా కొత్తదే.

సీతమ్మధార

తెలుపే వేయండి. తెల్లకోటు, ఎర్ర కాలర్, ఎర్ర కఫ్, ఎర్ర ప్యాంటు, బంగారు అంచులు. నా దగ్గర ఇలా వేసిన జనరల్ ఒకరున్నారు, అలమరలో అందరి కళ్లూ ముందు ఆయన మీదే పడతాయి.

దర్జీ కొడుకు, పూర్ణా మార్కెట్

ఉక్కునగరం గారూ, ముందు ఆ పుట్టీ పక్కన పెట్టండి. మీ బొమ్మ చేసినవారు పొరపాటు పడలేదు. ఆ కాలపు ఆస్ట్రియా అధికారులకు ఎపాలెట్లు లేవు. ఫ్రెంచివాళ్ల భుజాలు చూసిన కళ్లకు ఇది వెలితిగా అనిపిస్తుంది గాని, ఆ నున్నటి భుజమే ఆస్ట్రియా గుర్తు. కాలర్ మీద నక్షత్రాలూ వేయకండి. అవి 1849లో వచ్చాయి, మీ యుద్ధానికి నలభై ఏళ్ల తర్వాత.

అధికారిని సిపాయి నుంచి వేరు చేసేది నడుముకు చుట్టిన నడికట్టు. నలుపు, పసుపు బంగారం కలిసిన పట్టు. ఆ రెండూ హాబ్స్‌బర్గ్ రాజవంశపు రంగులు. అధికారులంతా కట్టేవారు, కాబట్టి మీ ఆరుగురికీ ఉండాలి. ముందు మొత్తం పసుపు బంగారం వేసి, ఆరాక వెంట్రుకవాసి నల్లగీతలు రెండు లాగండి. ముడి దగ్గర గీతలు కలిసిపోయినా పరవాలేదు, నిజం పట్టు కూడా ముడిలో అలాగే నలుగుతుంది.

ఇక రంగు. సీతమ్మధార గారు చెప్పింది తప్పు కాదు, కానీ అది కవాతు దుస్తు. తెల్లకోటు, ఎర్ర కాలర్, ఎర్ర ప్యాంటు, జరీ: ఇదంతా దర్బారుకూ పండగకూ. యుద్ధభూమిలో జనరళ్లు ఎక్కువగా వాడింది బూడిద కోటు. జర్మన్‌లో ఆ రంగును హెష్ట్‌గ్రావ్ అంటారు, పైక్ అనే మంచినీటి చేప పేరు మీద వచ్చిన మాట. కాలర్, కఫ్ ఎరుపు, గుండీలు బంగారు రంగు. కింద తెల్ల ప్యాంటు, మోకాళ్ల దాకా నల్ల బూట్లు.

ఆ బూడిద ఎలాంటిదో మాటల్లో చెప్పడం కష్టం. సిమెంటు రంగు కాదు, మన ఓడల మీద కనిపించే బూడిదా కాదు. నీలం ఛాయ ఉంటుంది. తెల్లారే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, అప్పుడే దించిన పండుగప్పను చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూడండి. వీపుకూ పొట్టకూ మధ్య పక్కభాగంలో ఒక రంగు కనిపిస్తుంది. నేను దాని కోసమే రెండు ఉదయాలు వెళ్లాను. లేత బూడిదలో రెండు చుక్కల నీలం, ఒక చుక్క తెలుపు కలిపితే దగ్గరికి వచ్చింది. ఇంకో ఆధారం కావాలంటే వియన్నా సైనిక చరిత్ర మ్యూజియంలో 1914 జూన్ 28న సరయేవోలో హత్యకు గురైన ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కోటు ఉంది. అది శతాబ్దం తర్వాతి కోటే, అయినా ఆ నీలి బూడిద ఛాయ మీ కంటికి పట్టుబడుతుంది. సందర్శకులు తీసిన ఫోటోలు దొరుకుతాయి.

మా నాన్న నలభై ఏళ్లు నేవీ అధికారులకు యూనిఫారాలు కుట్టారు. తెల్లబట్ట వచ్చినప్పుడల్లా దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో చూసేవారు. "తెలుపులో ఏడు తెలుపులుంటాయిరా" అనేవారు. మనం నీలిమందులో జాడించే నూలు తెలుపు చల్లగా ఉంటుంది. ఆస్ట్రియా సిపాయిది ఉన్ని, దాన్ని సుద్ద రుద్ది తెల్లగా ఉంచుకునేవారు. అది వెన్న తెలుపు. కాబట్టి వెనక సిపాయిలను పెడితే వాళ్లకు నీలం కలిపిన తెలుపు వేయకండి, జనరళ్ల బూడిద పక్కన అంతా ఒకే ముద్దగా అయిపోతుంది. నీడలకు కూడా నలుపు వద్దు, పలచటి గోధుమ రంగు చాలు.

ఆకుపచ్చ ఈకల గురించి అడిగారు. తర్వాతి కాలపు ఆస్ట్రియా సేనాని, ముసలి రాడెట్స్కీ చిత్రాల్లో, సరయేవోలో ఫెర్డినాండ్ టోపీ మీద ఉన్నవి అవే. మీ దృశ్యానికి వాటిని వదిలేయమంటాను. నల్లటి రెండంచుల టోపీ, బంగారు అంచు, అంతే. వాటి బదులు టోపీకి ఒక చిన్న ఓక్ కొమ్మ గుచ్చండి. ఆస్ట్రియా సైన్యం వేసవిలో ఓక్ ఆకులు, చలికాలంలో ఫర్ చెట్టు కొమ్మ పెట్టుకునేది. మే నెల కాబట్టి లేత ఆకుపచ్చ. బొమ్మలో దుమ్ము, పొగ, అలసట అన్నీ ఉండి ఆ ఒక్క పచ్చ ఆకు ఉంటే చూడాలి ఎలా ఉంటుందో.

ఉక్కునగరం

మాస్టారూ, మీ నాన్నగారి మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కోటు సంగతి తేలింది. స్టాఫ్ అధికారులకూ ఇదే బూడిదా? గుర్రం జీను కింద బట్టకు ఏ రంగు? ఇద్దరు జనరళ్లలో ఒకరి బొమ్మకు ఛాతీ నిండా తాళ్ల అల్లిక ఉంది, ఆయన ఎవరో అర్థం కాలేదు.

దర్జీ కొడుకు, పూర్ణా మార్కెట్

తాళ్ల అల్లిక ఉన్నాయన హంగేరీ తరహా జనరల్. హుస్సార్ల (హంగేరీ తరహా గుర్రపు దళం వాళ్ల) మాదిరి ఎర్ర డాల్మన్ అనే పొట్టి కోటు, దాని మీద బంగారు తాళ్లు. ఆయనను దృశ్యంలో కొంచెం వెనక్కి నిలబెట్టండి. ముందుంటే ఆ ఎరుపు మొత్తం చూపును లాగేసుకుంటుంది, చార్లెస్ కనిపించడు.

స్టాఫ్ అధికారులు బూడిద కాదు. వాళ్లది ముదురు ఆకుపచ్చ కోటు, కాలర్, కఫ్ నల్ల ముఖమల్, గుండీలు బంగారు రంగు. మ్యాపులు చదివి, దారులు చూసి, సైన్యం ఎటు కదలాలో లెక్కలు కట్టినవాళ్లు వీళ్లే. ఆస్పెర్న్‌లో ఆ విభాగానికి అధిపతి వింఫెన్. ముఖమల్ వేసేటప్పుడు ఒక మాట: ఉన్ని వెలుతురును మింగుతుంది, ముఖమల్ అంచున మాత్రమే మెరుస్తుంది. మొత్తం నలుపు వేసి, కాలర్ పై అంచున ముదురు బూడిదతో ఒకే గీత పెట్టండి. నల్లముద్దలా ఉన్నది ముఖమల్ అవుతుంది. అడ్జుటెంట్‌కు ఆకుపచ్చ కోటు మీద ఎరుపు కాలర్, ఎరుపు కఫ్. పచ్చలు మూడు పక్కపక్కన వస్తాయి కాబట్టి అడ్జుటెంట్‌ది ఒక పాలు లేతగా కలపండి.

జనరళ్ల జీనుబట్ట ఎరుపు, చుట్టూ జరీ అంచు. చార్లెస్ కోటు ఎడమ ఛాతీ మీద మరియా థెరిసా ఆర్డర్ అనే సైనిక పురస్కారపు నక్షత్రం పెట్టడం మరవకండి. 1757లో స్థాపించిన ఆర్డర్ అది, పతకం తెల్ల శిలువ, రిబ్బను ఎరుపు తెలుపు ఎరుపు. ఈ సైజులో తెల్లచుక్క, మధ్యలో ఎర్రచుక్క చాలు.

లాసన్స్‌బే కాలనీ

ప్రైమర్ గురించి నేను చెబుతాను. ఉక్కునగరం గారూ, డబ్బాది తప్పు కాదు, మన గాలిది. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే తుంపర బొమ్మను చేరేలోపే పాడై పొడిలా పడుతుంది. నేను సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉంటాను, వానాకాలంలో స్ప్రే జోలికే వెళ్లను. కుంచెతో పూసే ప్రైమర్ కొనండి. రెండు పలచటి పూతలు, మధ్య ఒక రాత్రి విరామం. గరుకు పట్టిన రెండు బొమ్మలు లోహానివైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి, పొర ఊడిపోతుంది. ప్లాస్టిక్కైతే ముందు బొమ్మ భాగాలు అతుక్కుని వచ్చే ఫ్రేము ముక్క మీద పరీక్షించండి.

జరీ మీద నాదొక అభిప్రాయం. బంగారు రంగును నేరుగా ఎరుపు మీద వేయవద్దు, పలచబడి నారింజలా కనిపిస్తుంది. జరీ పడే చోట ముందు ముదురు గోధుమ గీత గీయండి. దాని మీద, గీత కంటే సన్నగా బంగారం. గోధుమ రెండు పక్కలా సన్నగా మిగులుతుంది, అదే నీడ. మా ఇంట్లో ఏటికొప్పాక బొమ్మలు చాలా ఉన్నాయి. వాటిలో రంగు రంగును తాకే చోట ఎప్పుడూ ఒక ముదురు గీత ఉంటుంది, అందుకే అంత చిన్న బొమ్మ కూడా గది అవతలి నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. నేను గీత పెట్టడం వాటిని చూసే నేర్చుకున్నాను.

జనరళ్ల జరీలో వంకీల నేత ఉంటుంది. ఈ సైజులో దాన్ని పూర్తిగా వేయాలని ప్రయత్నించకండి. బంగారం ఆరాక, వెండి కలిపిన బంగారంతో ఒక చుక్క పైకి, ఒక చుక్క కిందికి పెట్టుకుంటూ పోండి. మిగతాది కన్ను పూరిస్తుంది.

ఉక్కునగరం

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ప్రైమర్ పొర ఊడింది, కుంచెతో మళ్లీ పూశాను. చార్లెస్, ఇద్దరు స్టాఫ్ అధికారులు పూర్తయ్యారు. నైట్ షిఫ్ట్ దిగి నేరుగా ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను మాస్టారూ. చేప దొరికింది. ఆ పక్కభాగపు రంగు నిజంగానే ఉంది, ఫోనులో ఫోటో తీస్తే మాత్రం రాలేదు. జేబులో పెట్టుకెళ్లిన అట్టముక్క మీద అక్కడే రంగు కలిపి చూసుకున్నాను. నీలం రెండు చుక్కలు నాకు ఎక్కువయ్యాయి, ఒకటిన్నర సరిపోయింది.

ఓక్ ఆకు టీపొడి ముక్కతో చేసి పచ్చరంగు వేశాను. చార్లెస్ టోపీకి అతికించాక, వద్దన్న ఈకల గురించి ఇక ఆలోచన రాలేదు. హంగేరీ జనరల్‌ను ఈ ఆదివారం మొదలుపెడతాను. ఆ ఎరుపు కింద పునాదికి ఏ రంగు వేయాలో ఎవరైనా చెప్పండి, గోధుమా, గులాబీనా?