సమస్యాపూరణం: చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు

నిర్వాహకుని మాట

ఈ వారం సమస్య తేటగీతి పాదం. పోకెమాన్ అనే వీడియో ఆటలో, పెంచిన జీవులతో పోటీలు ఆడే యువ సభ్యులు తమ ఆట మీద ఒక్క సమస్య ఇవ్వమని ఎంతోకాలంగా అడుగుతున్నారు. ఆట తెలియని పెద్దల కోసం నాలుగు మాటలు.

మన పురుగు పేరు షెడింజా. 2002లో రూబీ, సఫైర్ ఆటలతో వచ్చింది. నింకాడా అనే పురుగు ఇరవయ్యో స్థాయికి చేరగానే రెక్కలు తొడిగి నింజాస్క్ అయి ఎగిరిపోతుంది. అది విడిచిన పొర, జట్టులో చోటు ఖాళీగా ఉంటే, షెడింజాగా లేచి నిలబడుతుంది. తల మీద వెలుగు వలయం, వీపున చీలిక, లోపల శూన్యం. కీటక జాతి, ప్రేత జాతి రెండూ దానివే. ఎంత పెంచినా ప్రాణశక్తి ఒక్కటే. అయితే వండర్ గార్డ్ అనే గుణం దాన్ని కాపాడుతుంది. నిప్పు, రాయి, చీకటి, ప్రేతం, ఎగిరే జాతి, ఈ ఐదు తప్ప ఇంకే జాతి దాడీ దానికి తగలదు.

పద్యం నిలవాలి, అందులోని ఎత్తుగడ కూడా నిలవాలి. రెండూ చూస్తాను.

మొదటి పూరణ: ఇంజినీరింగ్ విద్యార్థి

ఆ షెడింజాకు నొక్కటే యాయువైన
నీటి దెబ్బలు మెరుపులు నేలకొరగు
ఐదు జాతుల దాడియే హతముజేయు
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

నిర్వాహకుడు: తమ్ముడూ, ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. షెడింజా అనే పేరు లఘువు, రెండు గురువులు, అంటే య గణం. సూర్యగణాల్లోనూ ఇంద్రగణాల్లోనూ అది ఇమడదు. నువ్వు 'ఆ షె' దగ్గర గణం ముగించి, 'డింజాకు' అని త గణంతో అందుకున్నావు. పేరును చెక్కకుండా, సాగదీయకుండా పద్యంలో కూర్చోబెట్టావు. చాలా సంతోషం. దెబ్బలే నేలకొరగడం కూడా బాగుంది.

చిక్కు మూడో పాదంలో ఉంది. ఐదు జాతులు చంపుతాయని నువ్వే చెప్పి, వెంటనే చావు లేదంటే సమస్య సమస్యగానే మిగిలిపోయింది. 'ఐదు జాతుల దాడుల నాపినపుడు' అని మార్చి చూడు. ఐకారానికి ఆకారంతో యతి చెల్లుతుంది, అర్థమూ అతుకుతుంది. ఆపేది ఎవరంటావా? జట్టులో మిగిలిన ఐదుగురు. షెడింజాను ఆడటమంటే ఆ ఐదుగురినీ దానికోసం ఆడటమే. నాలుగో పాదాన్ని పై మూడు పాదాలు మోసినట్టే.

రెండవ పూరణ: విజయనగరం లెక్కల మాస్టారు

రాల ముళ్ళపై నడచినన్ రాలిపోదు
బరువు జోళ్ళను తొడిగిన పలుచనైన
తోలు డొల్లకు నేలపై దుఃఖమేమి
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

మాస్టారి వివరణ: మా అబ్బాయితో ఆడుతూ నేర్చుకున్నాను. 2006లో డైమండ్, పర్ల్ ఆటలతో స్టెల్త్ రాక్ వచ్చాక ఈ పురుగు బతుకు దుర్భరమైంది. ప్రత్యర్థి ఒక్కసారి మైదానంలో రాళ్ళు పరిస్తే చాలు, ఇది బరిలోకి అడుగు పెట్టగానే పడిపోయేది. స్పైక్స్ ముళ్ళూ అంతే. ర్యాపిడ్ స్పిన్ తోనో డిఫాగ్ తోనో ఎవరో ఒకరు నేల ఊడ్చి పెడితే తప్ప బయటికి రాలేకపోయేది. 2019లో స్వోర్డ్, షీల్డ్ ఆటలు ఆ రాళ్ళూ ముళ్ళూ తగలకుండా కాపాడే హెవీ డ్యూటీ బూట్స్ తెచ్చాయి. అవే నా బరువు జోళ్ళు.

డాలస్ సోదరి: మాస్టారూ, పద్యం ఎంత హాయిగా నడిచిందో! ఒకటిన్నర కిలో కూడా తూగని డొల్లకు బరువు జోళ్ళు తొడిగారు, ఆ ఊహకు నమస్కారం. కానీ దాని చేతికి వస్తువు ఒక్కటే పట్టనిస్తారు. జోళ్ళు ఇస్తే కళ్ళద్దాలు ఇవ్వలేం. నేను ఒక ఆటలో జోళ్ళనే నమ్ముకుని దీన్ని దింపాను. ఎదుట టిరానిటార్ వచ్చింది. అది రాతి జాతి, చీకటి జాతి కూడా, కాబట్టి ఎలాగూ ప్రమాదమే. అయితే అది చెయ్యి ఎత్తనే లేదు. అది అడుగు పెట్టడంతోనే లేచిన ఇసుక తుపాను, ఆ వంతు చివర సన్నగా వచ్చి నా పురుగును రాసుకుపోయింది. ఉన్న ఒక్క ప్రాణం పోయింది. సేఫ్టీ గాగుల్స్ ఉంటే ఇసుక తగిలేది కాదు. అప్పుడు రాళ్ళు చంపేవి. మీరు 'నేలపై' అన్నారు కాబట్టి పద్యంలో తప్పు పట్టలేను. ఆకాశం సంగతి మాత్రం ఇంకో పద్యంలో చెప్పాలి.

నిర్వాహకుడు: 'నడచినన్' అని ద్రుతం నిలిపి నగణానికి గురువు చేర్చడం కూడా గమనించండి.

మూడవ పూరణ: కొత్త సభ్యుడు

జంట పోరున మిత్రుని సాయమొంది
గట్టి గుణమును బదులుగా గైకొనగను
నిప్పు రాళ్ళును చీకటి నేమి సేయు
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

నిర్వాహకుడు: జకారానికి సకారంతో యతి వేశారు, చెల్లుతుంది. మూడో పాదం దిద్దుకోవాలి. 'చీకటి' ఇక్కడ ప్రథమ, దానికి ద్రుతం లేదు. 'చీకటి నేమి' అనకూడదు, 'చీకటి యేమి' అనాలి. అలా అంటే 'ని' తో యతి పోతుంది. 'చీకటి నెగ్గలేవు' అంటే రెండు బాధలూ తీరతాయి.

డాలస్ సోదరి: ఎత్తుగడలోనూ ఒక లోపం ఉంది. గట్టి గుణం అంటే స్టర్డీ కదా. నిండు ప్రాణంతో ఉన్నదాన్ని ఒక్క దెబ్బకు పడనివ్వదు, ఒక్క ప్రాణం మిగులుస్తుంది. షెడింజాకు ఉన్నదే ఒకటి కనుక అది ఎప్పుడూ నిండు ప్రాణంతోనే ఉన్నట్టు. అందుకే ఊహ బ్రహ్మాండం. కానీ ఇద్దరి గుణాలనూ మార్పిడి చేసే స్కిల్ స్వాప్ వండర్ గార్డ్‌ను కదిలించలేదు, ప్రయోగం విఫలమవుతుంది. ఏ గుణమైనా ఎవరికైనా తగిలించుకోనిచ్చే హ్యాక్‌మాన్స్ పద్ధతిలో మీ మాట చెల్లుతుంది.

కొత్త సభ్యుడు: ఇద్దరికీ కృతజ్ఞతలు. సవరించాను.

నియమ మన్నది లేనట్టి నేలమీద
గట్టి గుణమును డొల్లకు గట్టినపుడు
నిప్పు రాళ్ళును చీకటి నెగ్గలేవు
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

నిర్వాహకుడు: ఇప్పుడు నిలబడింది.

నాలుగవ పూరణ: డాలస్ సోదరి

కుండపోతగ కురిపించి కోపపడిన
కడలిరాయని నీరంత గాలివోలె
తూట్లు పడియున్న దేహాన దూరిపోవు
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

నిర్వాహకుడు: ఈ వారం నా మనసు దోచిన పూరణ ఇది. గుణం పేరు చెప్పలేదు, జాతుల లెక్క చెప్పలేదు. నీరు చీలిక గుండా పోయిందని చూపించారు, అంతే.

విద్యార్థి: కడలిరాయడు అంటే నీటి జాతి పోకెమాన్ కయోగర్ కదా అక్కా! ప్రాణం నిండుగా ఉన్నప్పుడు దాని వాటర్ స్పౌట్ బలం 150. జట్లకు జట్లే కొట్టుకుపోతాయి. నీరు, మెరుపు, మంచు మాత్రమే తెచ్చుకున్న కయోగర్ దీని ముందు నిస్సహాయం. అది వెనక్కి తగ్గే వంతులో మన పురుగు దాడి బలం పెంచే స్వోర్డ్స్ డాన్స్ ఆడుకోవచ్చు, ఆ తర్వాత షాడో స్నీక్‌తో ముందుగా కొట్టవచ్చు. దాని దాడి బలం 90, వేగం 40 మాత్రమే, కాబట్టి ముందుగా తగిలే దెబ్బ తప్పనిసరి. ఒక్క హెచ్చరిక. ఎదుటివారి గుణాన్ని లెక్కచేయని మోల్డ్ బ్రేకర్ గుణమున్న ఎక్స్‌కాడ్రిల్ వెనుక కాచుకుని ఉంటే ఆగండి. భూకంపం దెబ్బ కీటక జాతికి సగమే తగులుతుంది, కానీ కవచం పనిచేయనప్పుడు సగమైనా చాలు.

నిర్వాహకుని పూరణ

ఇరువదవ మెట్టుపై చేరి యెగిరిపోవ
వదలివేసిన చొక్కాయె బ్రదికి వచ్చె
ఖాళిగా నున్న చోటున కాలు మోపి
చచ్చి పుట్టిన పురుగుకు చావు లేదు.

విద్యార్థి: గురువుగారూ, చొక్కా బ్రతికి రావడం అద్భుతంగా ఉంది. మూడో పాదంలో ఒక్క సంగతి. జట్టులో ఖాళీ చోటు ఒక్కటే చాలదు. డైమండ్, పర్ల్ నుంచి సంచిలో ఒక పోకే బాల్, అంటే పోకెమాన్‌ను పట్టి ఉంచే బంతి, కూడా మిగిలి ఉండాలి. లేకపోతే చొక్కా బ్రతకదు.

నిర్వాహకుడు: నిజమే నాయనా, రూబీ కాలం నాటి జ్ఞాపకంతో రాశాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను, పాతది కొట్టివేసినట్టే చదువుకోండి:

ఖాళి బంతియె గూడుగా కాలు మోపి