రూట్ బోర్డ్ గేమ్: పక్షులతో ఆడిన ప్రతిసారీ నా ఐదో వంతు (టర్న్) వచ్చేసరికే డిక్రీ కూలిపోతోంది. ఎక్కడ తప్పుతున్నాను?

గూటిపక్షి:
నలుగురం కలిసి రూట్ ఆడుతున్నాం. నాకు పక్షుల రాజవంశం అంటే ప్రాణం. మిగతా జట్లయిన పిల్లులు, అలయన్స్, వాగబాండ్ ఎవరూ నన్ను అంతగా ఆకట్టుకోలేదు. ప్రతి వంతులోనూ డిక్రీలో, అంటే పక్షుల ఆజ్ఞల పట్టికలో, ఒకటో రెండో కార్డులు చేర్చి, అందులో ఉన్నవన్నీ తూచా తప్పకుండా చేసి తీరాలన్న ఆ నియమమే నాకు ఇష్టం. నన్ను ఓడిస్తున్నదీ అదే. వరసగా నాలుగు ఆటలు పోయాయి.

మొన్నటి ఆట చెబుతాను. మూలనున్న కుందేలు గుర్తు క్లియరింగులో (బోర్డు మీది అడవిలో ఒక చోటు) మొదలుపెట్టాను. నాయకుడు కమాండర్ కాబట్టి వజీర్లు ఇద్దరూ (డిక్రీలో ఎప్పుడూ ఉండే, పక్షి కార్డులుగా లెక్కకొచ్చే కార్డులు) కదలిక, యుద్ధం వరుసల్లో ఉన్నారు. వంతుకు రెండు చొప్పున కార్డులు పెట్టాను. కార్డు మీద ఏ జంతువుంటే ఆ గుర్తున్న క్లియరింగులోనే ఆ పని చేయాలి, పక్షి కార్డైతే ఎక్కడైనా సరే. నాలుగు వంతులయ్యేసరికి సైన్య సమీకరణలో పక్షి, కుందేలు, కదలికలో ఎలుక, కుందేలు, పక్షి, యుద్ధంలో నక్క, నిర్మాణంలో ఎలుక, పక్షి. బోర్డు మీద ఐదు గూళ్లు, 13 పాయింట్లు. గెలుస్తున్నానని నిజంగా నమ్మాను.

ఐదో వంతులో నక్క కార్డుకు యుద్ధం దొరకలేదు, ఒక్క పని కుదరకపోయినా డిక్రీ కూలుతుంది. పిల్లులు నా దగ్గరున్న నక్క క్లియరింగుల నుంచి ముందే వెళ్లిపోయాయి. డిక్రీలో పక్షి కార్డులు మూడు, వజీర్లు ఇద్దరు, ఒక్కోదానికి ఒకటి చొప్పున మొత్తం 5 పాయింట్లు పోయి 8కి పడ్డాను. చివరికి అలయన్స్ గెలుపుకు కావాల్సిన 30 చేరింది. నేను 21 దగ్గర ఆగిపోయాను. అన్ని పనులూ చేయగలిగే స్థితిలో ఉండి కూడా ఇలా ఎందుకు జరుగుతోంది?

ఎండుకొమ్మ:
వంతుకు ఒక కార్డే పెట్టండి. రెండు పెట్టక తప్పదని ఎక్కడా లేదు.

మూడోవజీరు:
ఎండుకొమ్మ గారి మాట నిజమే, కానీ అది సగం జవాబు. ఎన్ని కార్డులు అన్నదానికంటే ఏ వరుసలో అన్నది ముఖ్యం.

మీ నిర్మాణ వరుస చూడండి. పక్షులకున్న గూళ్లు ఏడే. ఐదు బోర్డు మీద ఉన్నాయి, మీ దగ్గర మిగిలినవి రెండు. నిర్మాణంలో ఉన్న కార్డులు కూడా రెండు. అంటే ఆ వంతు యుద్ధం దొరికి గట్టెక్కినా, ఏడు గూళ్లూ అయిపోయేవి. ఎవరో ఒకరు మీ గూడు కూల్చి చేతికి తిరిగి ఇస్తే తప్ప ఆరో వంతులో మీరు కూలడం ఖాయం. పైగా ఎలుక కార్డుకు ఎలుక క్లియరింగే కావాలి. బోర్డు మీద అవి నాలుగే, ఒక క్లియరింగులో మీ గూడు ఒక్కటే పడుతుంది. నిర్మాణంలో పెట్టే ప్రతి కార్డూ గడువు తేదీ రాసి పెట్టినట్టే. నేనైతే అక్కడ ఒక్క కార్డు పెట్టి ఊరుకుంటాను. ఐదు గూళ్లకు వంతుకు 4 పాయింట్లు వస్తాయి, ఆరుకూ అవే 4, ఏడుకు 5. ఆరో గూడు కోసం రాజ్యాన్ని పణంగా పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇక యుద్ధం వరుస. అక్కడ నక్క, ఎలుక, కుందేలు కార్డులు పెట్టామంటే మన భవిష్యత్తు శత్రువు చేతిలో పెట్టినట్టే. వాళ్లు పారిపోతే చాలు, మనం కూలతాం. మీ స్నేహితులు సరిగ్గా అదే చేశారు. వంతుకు ఒక్క పక్షి కార్డే చేర్చగలం కనుక దాన్ని ముందు యుద్ధానికి వాడండి. సమీకరణకు మీ గూడున్న చోటి కార్డే చాలు, ఆ గూడు నిలబడి ఉన్నంతకాలం అది విఫలం కాదు. సైనికులు 20 మందే అన్నది మాత్రం మరవకండి. చరిస్మాటిక్ నాయకుడైతే ఒక్కో కార్డుకు ఇద్దరిని దించాలి, చేతిలో ఒక్కడే మిగిలినా పతనమే.

పాతగూడు:
పతనానికి ఇంతగా భయపడటం నాకు నచ్చదు. కూలిన వంతులో కూడా సాయంత్రం దశ (వంతు చివరి భాగం) ఉంటుంది, గూళ్ల పాయింట్లు వస్తాయి. మీకు 5 పోయి 4 వచ్చాయి కదా! డిక్రీలో పక్షి కార్డులు తక్కువ ఉన్నప్పుడే కూలితే వజీర్లకు 2, ఇంకొకటో రెండో పోతాయి, అంతే. నేను కమాండర్‌తో మొదలుపెట్టి దూకుడుగా వెళతాను, నాలుగైదు వంతుల తర్వాత కావాలనే కూల్చి కొత్త నాయకుణ్ని తెచ్చుకుంటాను. ఎప్పుడు కూలాలో మనమే నిర్ణయించుకోవాలి.

మూడోవజీరు:
పాతగూడు గారూ, ఒప్పుకుంటాను, కానీ ఒక్కసారికే. రెండోసారి కూలేసరికి ఎదుటివాళ్లు 20 దాటి ఉంటారు.

గూటిపక్షి గారూ, ఒకటి అడగాలి. ఆ వంతులో మీకు అందేంత దూరంలో ఉన్న నక్క క్లియరింగుల్లో అలయన్స్ సానుభూతి టోకెన్ (వాళ్లకు మద్దతుందని చూపే బిళ్ల) ఏదైనా ఉందా?

గూటిపక్షి:
ఉంది. నా సైన్యం ఉన్నచోటికి ఆనుకునే. అక్కడ అడుగుపెడితే నా చేతిలోని నక్క కార్డు అలయన్స్‌కు ఇవ్వాల్సి వస్తుందని ఆ వైపు కదపలేదు.

మూడోవజీరు:
అయితే మీకు యుద్ధం ఉంది. టోకెన్ కూడా శత్రువే. ఒంటరిగా ఉన్న టోకెన్‌కు కాపలా లేదు కాబట్టి, పాచికల్లో సున్నా పడినా అదనపు దెబ్బతో అది పోతుంది, ఒక పాయింటు మీకు వస్తుంది, తిరిగి దెబ్బ తగలదు. వెళ్లినందుకు ఒక కార్డు, తీసినందుకు ఇంకొకటి ఇవ్వాలి, నిజమే. వాటితో అలయన్స్ బలపడుతుంది, అదీ నిజమే. అయినా ఆ రెండు కార్డులూ ఇవ్వాల్సిందే. అవి ఇవ్వకపోవడం వల్ల మీ డిక్రీ మొత్తం పోయింది, 5 పాయింట్లూ పోయాయి.

గూటిపక్షి:
రెండు రోజులుగా ఆ వంతే కళ్ల ముందు తిరుగుతోంది. టోకెన్‌ను శత్రువుగా నేను ఎప్పుడూ లెక్కించలేదు, ముట్టుకోకూడని వస్తువుగానే చూశాను.

నిన్న మళ్లీ ఆడాం. నిర్మాణంలో ఒక్క ఎలుక కార్డు, యుద్ధంలో పక్షి. రెండుసార్లు టోకెన్ల మీదే యుద్ధం చేసి గట్టెక్కాను. ఏడో వంతు దాకా డిక్రీ నిలిచింది, 27 దగ్గర వాగబాండ్ నన్ను దాటిపోయాడు. వాడి వస్తువులను ఎవరూ ముట్టుకోలేదు, నేను కూడా. దాని గురించి రేపు వేరే ప్రశ్న అడుగుతాను.